ఆ చెప్పులు షుగర్ కాళ్లకూ ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, కమిషనర్లకు, జిల్లా వైద్యాధికారులకు నమస్కారాలు.

నేను ముప్పై మూడేళ్లు కుష్ఠు నివారణ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ప్యారామెడికల్ వర్కర్‌గా చేరి డీపీఎంఓగా, అంటే డిప్యూటీ ప్యారామెడికల్ ఆఫీసరుగా, దిగిపోయాను. ఉత్తరాంధ్రలో సైకిలేసుకుని ఊరూరూ తిరిగి, ఒంటి మీద మచ్చలుంటే చూపించండమ్మా అని గుమ్మాల ముందు నిలబడి తిట్లు తిన్న తరం మాది. ఈ ఉత్తరం మాత్రం కుష్ఠు గురించి కాదు, షుగర్ పుండ్ల గురించి. కుష్ఠు దగ్గర మేం నేర్చుకున్న పని ఒకటుంది, మొద్దుబారిన పాదాన్ని కాపాడే పని. షుగర్ వాళ్లకు అది అక్షరాలా పనికొస్తుంది. అయినా మన ఆసుపత్రుల్లో దాన్ని ఎవరూ అటువైపు తీసుకెళ్లలేదు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఒకరిద్దరి దగ్గర నసిగి ఊరుకున్నాను. ఇప్పుడు పెన్షన్ తప్ప పోయేదేమీ లేదు కాబట్టి అందరికీ కనబడేలా రాస్తున్నాను.

నేను ఆఖరున పనిచేసిన పీహెచ్‌సీలో నా గది మందుల కౌంటర్‌కి సరిగ్గా ఎదురుగా ఉండేది. వారానికోసారి బీపీ, షుగర్ మాత్రలిచ్చే రోజు. లైను వరండా దాటి వేపచెట్టు దాకా పోయేది. మన జనానికి ఆసుపత్రన్నా గుడే, చెప్పులు బయటే విడిచి వస్తారు. ఒకరోజు ఒకావిడ, యాభై అయిదేళ్లుంటాయేమో, మాత్రలు తీసుకుని నా గుమ్మం ముందు నుంచి వెళ్తోంది. ఎర్రగచ్చు మీద ఆవిడ ఎడమ అడుగు పడ్డ చోటల్లా రూపాయి బిళ్లంత తడి మచ్చ. వానాకాలం కాదు. కుడి అడుగుకి మచ్చ లేదు.

పిలిచి బల్ల మీద కూర్చోబెట్టి కాలు ఎత్తమన్నాను. బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, పసుపు రంగులో గట్టి ఆనె. దాని నడుమ కందిగింజంత చిల్లు. అందులోంచి రసి కారుతోంది. "నొప్పి లేదా అమ్మా?" అంటే "ఏ నొప్పి బాబూ?" అని నన్నే అడిగింది. కళ్లు మూసుకోమని బాల్ పెన్ను తీశాను. కుష్ఠులో అరికాలి స్పర్శ చూడటానికి మాకు నేర్పింది ఆ పెన్నే. కొనతో ఒక్కోచోట మెల్లగా తాకుతూ, తగిలినప్పుడల్లా చెప్పమన్నాను. వేళ్ల కింద, అరికాలి నడుమ, మడమ మీద, ఒక్కో కాలికి ఐదు చోట్ల తాకాను. ఆవిడ ఓపిగ్గా కళ్లు మూసుకుని కూర్చుంది. కాసేపాగి అడిగింది: "ఇంకా మొదలెట్టనేదా బాబూ?"

అప్పటికి పదీ అయిపోయాయి.

ఆవిడ తొమ్మిదేళ్లుగా షుగర్ మాత్రలు వేసుకుంటోంది. నెలనెలా వేలు గుచ్చి రక్తం చూసినవాళ్లున్నారు, బీపీ పట్టీ కట్టినవాళ్లున్నారు, అన్నం తగ్గించమని మందలించినవాళ్లున్నారు. ఆ తొమ్మిదేళ్లలో కాళ్లు చూపించమన్నది నేనే మొదటివాణ్ణట. అదీ నేను షుగర్ విభాగం వాణ్ణి కాదు.

నా వెనక బీరువాలో ఎంసీఆర్ చెప్పులు అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఈ చెప్పు సంగతి కొంచెం చెప్పాలి. పేరు మైక్రో సెల్యులర్ రబ్బరు. వేలితో నొక్కితే అణుగుతుంది, తీస్తే మళ్లీ లేస్తుంది. మామూలు హవాయి చెప్పులా ఇది అట్టులా పలచబడిపోదు. కింద గట్టి అడుగు ఉంటుంది కాబట్టి ముల్లు దిగదు. మేకులు వాడరు. వెనక పట్టీ తప్పనిసరి, ఎందుకంటే స్పర్శ లేని కాలికి చెప్పు జారిపోయినా తెలియదు. చెప్పు ఎక్కడో ఊడిపోతే మనిషి ఉత్త కాలితో మైలు నడిచి ఇంటికొచ్చిన సంగతులు నేను చూశాను. మొద్దుబారిన కాలికి ఎలాంటి చెప్పు కావాలో తెలిసినవాళ్లు, ఆ కాళ్లను ఏళ్ల తరబడి చూసినవాళ్లు, ఆలోచించి చేసిన వస్తువది. కుష్ఠుతో అరికాళ్లు మొద్దుబారినవాళ్లకు ప్రభుత్వం దీన్ని ఉచితంగా ఇస్తోంది.

ఆవిడ సైజు నా దగ్గర ఉంది. ఇవ్వడానికి లేదు. రిజిస్టర్లో కుష్ఠు రోగి నంబరు ఉంటేనే చెప్పులు. పై అధికారికి ఫోన్ చేశాను. మీ స్కీము వేరు, వాళ్ల స్కీము వేరు, ఆడిట్‌లో ఏం చెప్తావయ్యా అన్నాడు. ఆయన తప్పేం లేదు, కాగితం మీద ఉన్నది అదే. తమాషా ఏమిటంటే, నేను పెట్టె తెరిచి చూపించగానే ఆవిడే జంకింది. "ఆ జోళ్లు నాకొద్దు బాబూ, పెద్దరోగం అనుకుంటారు" అంది. ఈ రెండు ముక్కల్లోనే నా ఉత్తరమంతా ఉంది. మీ శాఖలో ఒక గోడ, జనం మనసులో ఒక గోడ. మధ్యలో ఆ కాలు.

నరం చచ్చిన కాలికి, అది ఏ జబ్బుతో చచ్చినా, పుండు పడే తీరు ఒక్కటే. నొప్పి తెలిసే మనిషి కాలిలో రాయి గుచ్చుకుంటే కుంటుతాడు, బరువు రెండో కాలి మీద వేస్తాడు. నొప్పి తెలియనివాడు అదే చోట అదే బరువు రోజంతా వేస్తాడు. నరాలు దెబ్బతింటే పాదంలోని చిన్న కండరాలు కరిగి వేళ్లు పక్షి గోళ్లలా ముడుచుకుంటాయి, వేళ్ల మొదట్లో ఎముకలు కిందికి పొడుచుకొస్తాయి. చెమట పట్టదు కాబట్టి చర్మం ఎండి చీలుతుంది. ఎముక కింద ఆనె కడుతుంది. ఆ ఆనె ఇక లోపలి మాంసానికి గులకరాయే. దాని అడుగున రక్తం చిమ్మి, పుండై, తర్వాత ఎప్పుడో బయటికి కనిపిస్తుంది. మనకు కనిపించేనాటికి దానికి వారాల వయసుంటుంది.

ఈ సంగతి మన పక్కనే, వెల్లూరులో తేలింది. 1946లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్ఠు రోగుల చేతులూ కాళ్లూ చూసి, ఈ మాంసం దానంతటది కుళ్లి రాలిపోవడం లేదు, నొప్పి తెలియక దెబ్బ మీద దెబ్బ తగిలి పోతోంది అని గట్టిగా చెప్పాడు. నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా తెలియని రోగులకు పిల్లుల్ని పెంచుకోమని ఇచ్చేవారని మా శిక్షణలో చెప్పేవాళ్లు. అరికాలి పుండుకు సిమెంటు కట్టు వేసి మానేలా చేసే పద్ధతి అంతకు ముందే, 1930లలో, సిలోన్‌లోనూ (ఇప్పటి శ్రీలంక) మన దేశంలోనూ కుష్ఠు వైద్యులు మొదలుపెట్టారు. కాలు విరగలేదు, అయినా మోకాలి కింద నుంచి వేళ్ల దాకా పాదాన్ని అంటుకునేలా కట్టు వేస్తారు. బరువు పుండు మీద ఒక్కచోట పడకుండా పాదమంతా, పిక్కంతా పంచుకుంటుంది. 1960లలో బ్రాండ్ అమెరికాలో కార్‌విల్ అనే ఊళ్లోని కుష్ఠు ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఈ కట్టూ ఆయనతో వెళ్లింది. అక్కడి నుంచి షుగర్ రోగుల కాళ్లకు ఎక్కింది.

తర్వాత వాళ్లు లెక్క కట్టి చూశారు. 1989లో అమెరికాలో 40 మంది షుగర్ పుండు రోగులను రెండు జట్లు చేశారు. సిమెంటు కట్టు వేసిన 21 మందిలో 19 మందికి పుండు మానింది, సగటున ఆరు వారాల్లో. మామూలు డ్రెస్సింగు చేసిన 19 మందిలో ఆరుగురికే మానింది, అదీ తొమ్మిది వారాలు పట్టి. పాదాల వైద్యంలో అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అదే చెబుతున్నాయి. స్పర్శ పోయి అరికాలి ముందు భాగంలోనో నడుమనో పుండు పడితే, మొదట చేయాల్సింది మోకాలి దాకా వచ్చే, రోగి విప్పుకోలేని కట్టు వేసి బరువు తప్పించడం. అంటే మన కుష్ఠు కాలనీల్లో పుట్టిన వైద్యం సముద్రాలు దాటి షుగర్ వైద్యంగా పుస్తకాల్లోకి ఎక్కింది. నా గదికీ ఎదురుగా ఉన్న మందుల కౌంటర్‌కీ మధ్య పన్నెండడుగుల వరండా మాత్రం దాటలేకపోయింది.

రోగి విప్పుకోలేని కట్టు అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఇది మంకుతనం కాదు. విప్పుకోగలిగే బూట్లు ఇచ్చి, రోగికి తెలియకుండా అడుగులు లెక్కపెట్టే యంత్రం పెట్టి చూస్తే, రోజులో వేసిన అడుగుల్లో 28 శాతమే ఆ బూట్లతో వేశారట. మిగతా అడుగులన్నీ పుండు మీదే. వాళ్లను తిట్టి లాభం లేదు. నొప్పి ఉంటే నొప్పే గుర్తు చేస్తుంది. నొప్పి లేనివాడికి అర్ధరాత్రి బాత్రూముకి లేచినప్పుడు బూట్లు ఎవరు గుర్తు చేస్తారు?

మన డ్రెస్సింగు రూముల సంగతి చూద్దాం. ఏ ఏరియా ఆసుపత్రికైనా పొద్దున పదింటికి వెళ్లండి. షుగర్ కాళ్లవాళ్లు అయిదారుగురైనా గోడకానుకుని కూర్చుని ఉంటారు. లోపల సిస్టరో, వార్డుబాయో పాత కట్టు చరచరా విప్పుతారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తారు. బుసబుసా నురగ వస్తుంది. ఆ నురగ చూస్తే రోగికి తృప్తి, పురుగులన్నీ చచ్చాయని. దాని మీద బెటాడిన్ ముంచిన గాజుగుడ్డ, పైన దూది, పైన కట్టు. ఐదు నిమిషాలు. ఆ మనిషి లేచి, కట్టు మీదే హవాయి చెప్పు ఇరికించుకుని, బస్టాండుకి నడిచి, బస్సు దిగి ఊళ్లోకి నడిచి, సాయంత్రం పాలకేంద్రానికీ నడుస్తాడు. ఐదు నిమిషాల వైద్యాన్ని ఐదు వేల అడుగులు తొక్కేస్తాయి. ఆర్నెల్లకు "ఎన్ని మందులు వాడినా మానలేదండీ" అంటాడు. మందు సంగతి అటుంచి, పుండు మీద పడే బరువును ఎవరూ చూడలేదు, అంతే.

పుండు మానడానికి కావలసినవి నిజానికి పెద్ద ఖర్చువి కావు. చుట్టూ కట్టిన ఆనెనూ, చచ్చిన మాంసాన్నీ బ్లేడుతో శుభ్రంగా తీసేయాలి. వారం వారం తీయాలి. మా కుష్ఠు విభాగంలో చెయ్యి తిరిగినవాళ్లు రక్తం చుక్క రాకుండా తీసేవాళ్లు. కడగడానికి సెలైన్ చాలు. నురగ మందులూ, ఘాటు మందులూ కొత్తగా పుట్టే పల్చటి మాంసాన్ని కూడా కాలుస్తాయి. చీము, వాపు, ఎరుపు, వేడి, ఇలా ఇన్ఫెక్షన్ గుర్తులు ఉంటేనే యాంటీబయాటిక్. ఉంటే ఆలస్యం లేకుండా, సరైనది, సరిపడా. ఏ గుర్తూ లేని పుండుకు నెలల తరబడి బిళ్లలు మింగించడం వల్ల ఎరువు వేసి కలుపు పెంచినట్టే అవుతుంది. పుండు లోతులో సన్నటి కడ్డీతో తాకితే టకీమని ఎముక తగిలిందా, అది పీహెచ్‌సీ పుండు కాదు, వెంటనే పైకి పంపాలి. షుగర్ అదుపులో ఉండాలన్నది నేను చెప్పనక్కర్లేదు, చుట్ట మానాలన్నదీ. ఇంకొకటి, ఎవరూ చేయనిది: కొలవడం. పాత ఎక్స్‌రే ఫిల్ము కడిగి పారదర్శకంగా చేసి, శుభ్రమైన పల్చటి కవరులో పెట్టి పుండు మీద ఉంచి, స్కెచ్ పెన్నుతో అంచు గీసి తేదీ వేసేవాళ్లం. నాలుగు వారాల్లో పుండు వైశాల్యం సగానికి తగ్గకపోతే మన వైద్యం దారి తప్పిందని అర్థం. అక్కడే ఆగి కారణం వెతకాలి. మన దగ్గర నాలుగు నెలలైనా "కొద్దిగా తగ్గిందిలే" అని కంటితోనే తేల్చేస్తాం.

ఇంతా చెప్పి, కుష్ఠు కాలూ షుగర్ కాలూ అచ్చంగా ఒకటేనని అంటే నేను అబద్ధమాడినట్టే. పెద్ద తేడా ఒకటుంది. కుష్ఠు రోగి కాలికి సాధారణంగా రక్తం బాగానే అందుతుంది, అందుకే బరువు తప్పిస్తే చాలు పుండు చకచకా మానేది. షుగర్ కాలిలో నరాలతో పాటు రక్తనాళాలూ పూడుకుపోయి ఉండొచ్చు. పాదం పైన, చీలమండ లోపలి వైపు నాడి అందకపోతే, కాలు చల్లగా ఉంటే, వేలు నల్లబడుతుంటే ముందు రక్తం సంగతి తేల్చాలి. రక్తం అందని కాలికి, చీము పట్టిన కాలికి సిమెంటు కట్టు బిగించడం ప్రాణం మీదికి తేవడమే. మేం కుష్ఠు వాళ్లకు నేర్పిన మరో అలవాటు, కాళ్లు నీళ్లలో అరగంట నానబెట్టి రాయితో రుద్ది నూనె రాయడం, షుగర్ వాళ్లకు నేర్పకూడదు. నానిన చర్మం వేళ్ల సందుల్లో చీలుతుంది. పైగా ఆ నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కాలికి తెలియదు. గోరువెచ్చన అనుకుని సలసల కాగే నీళ్లలో పాదం పెట్టినవాళ్లను మీ బర్న్స్ వార్డు డాక్టర్లను అడగండి, చెప్తారు. కుష్ఠు బీరువాలోంచి ఏది తీసుకోవాలో, ఏది వదిలేయాలో తెలిసినవాళ్లు కావాలని ఇందుకే అంటున్నాను. పాదం పుండు లేకుండానే వాచి వేడెక్కి, నొప్పి మాత్రం లేకపోతే అది లోపల ఎముకలు విరుగుతుండటం కావచ్చు. దాన్ని చూసి బోదకాలనో, సెల్యులైటిస్ (చర్మం కింది ఇన్ఫెక్షన్) అనో మందులిచ్చి నడిపిస్తారు. నాలుగు నెలలకు పాదం పడవ అడుగులా తయారవుతుంది. దాని గురించి డాక్టర్లు రాస్తే బాగుంటుంది, నేను ఇక్కడితో ఆపుతాను.

మా బావగారి మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మా అక్క రాయమంది.

బావ ఏటా అయ్యప్ప మాల వేసుకునేవాడు. మండలం రోజులు చెప్పుల్లేకుండా తిరగడం ఆయనకు నియమం. షుగర్ పదేళ్ల నుంచీ ఉంది. ఆ ఏడు ఇరుముడి కట్టుకోవడానికి వారం ముందు మా ఇంటికి వచ్చి వరండాలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. పాదంలో తుమ్మముల్లు విరిగి నల్లగా కనిపిస్తోంది. ఊళ్లవాళ్ల కాళ్లన్నీ చూసే నేను బావ కాళ్లు అంతకు ముందెప్పుడూ చూడలేదు. ముల్లు తీశాను. కొండకి వెళ్లొద్దన్నాను. నవ్వాడు. తిరిగొచ్చేసరికి పాదం ఉబ్బి ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీ వారం రోజులు ఇంజెక్షన్లు చేశాడు. తర్వాత పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ముందు రెండు వేళ్లు తీశారు, తర్వాత పాదం సగం, ఆ తర్వాత మోకాలి కింద దాకా. మూడు ఆపరేషన్లూ ఆరోగ్యశ్రీ కార్డు మీదే అయ్యాయి, చేతి డబ్బు పెద్దగా పడలేదు. ప్రభుత్వానికి దండం పెట్టాల్సిందే. రెండో కాలికి మంచి చెప్పులు కొనమంటే మాత్రం కార్డు లేదు, అవి మా అక్క జేబులోంచే. కాలు తీసేశాక బావ మూడేళ్లు బతికాడు. చీలమండకు పైన కాలు తీసేసిన షుగర్ రోగుల్లో సగం మందికి పైగా ఐదేళ్లు చూడరని చాలా దేశాల లెక్కలు చెబుతున్నాయి. బావ ఆ లెక్కలో కలిశాడు.

దేవుణ్ణి, ఆచారాన్ని నేను తప్పుబట్టడం లేదు. మాల వేసిన గురుస్వాములే "షుగర్ ఉన్నవాళ్లు చెప్పులేసుకోండి, స్వామి ఏమీ అనుకోడు" అని ఒక్క మాట పీఠం దగ్గర చెబితే నా ఉత్తరం కంటే ఎక్కువ కాళ్లు నిలబడతాయి. ఎండాకాలం గుడి ప్రదక్షిణలో కాలిన అరికాళ్లు, మెట్టెలు బిగిసి వేలిలోకి దిగిపోయిన ఆడవాళ్లు, బైకు సైలెన్సరుకి పాదం ఆనించి కూర్చుని బొబ్బలెక్కాక కూడా గమనించనివాళ్లు. ఇవన్నీ మన వీధిలోవే. చెప్పడానికి మనిషి కావాలి గానీ స్పెషలిస్టు అక్కర్లేదు.

ఇక నేను అడుగుతున్నది.

షుగర్ మాత్రలిచ్చే చోటల్లా కాళ్లు చూడటాన్ని పనిలో భాగం చేయండి. పీహెచ్‌సీలో, విలేజ్ క్లినిక్‌లో, పల్లె దవాఖానాలో, బస్తీ దవాఖానాలో, 104 బండి దగ్గర. యంత్రాలేమీ వద్దు. పెద్ద ఆసుపత్రుల్లో అయితే పది గ్రాముల బరువుకి వంగే నైలాన్ దారంతో పరీక్ష చేస్తారు. అదీ లేకపోతే, ఇంగ్లండులో ఇప్స్‌విచ్ వైద్యులు 2011లో తేల్చిన పద్ధతి ఉంది. రోగి కళ్లు మూసుకుంటాడు, రెండు పాదాల్లో బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు, ఈ ఆరు కొసలను చూపుడు వేలితో ఒకట్రెండు సెకన్లు మెల్లగా తాకడమే. రెండు చోట్ల తెలియలేదంటే ఆ కాలు మొద్దుబారుతోందని లెక్క. ఆశా కార్యకర్త అరుగు మీద కూర్చుని చేయగల పని. ఇందుకు కొత్త రిజిస్టరు పెట్టకండి, వాళ్ల దగ్గర ఇప్పటికే బస్తాడు రిజిస్టర్లు, ఫోన్లో పది యాప్‌లు ఉన్నాయి. ఉన్న షుగర్ పుస్తకంలో "కాలు" అని ఒక గడి చేర్చండి చాలు.

స్పర్శ పోయినవాళ్లకు ఎంసీఆర్ చెప్పులు ఇవ్వండి. మీ ఆర్థిక శాఖ వాళ్లు వెంటనే అడిగేది నాకు తెలుసు: దేశంలో ఏటా కొత్తగా కుష్ఠు బయటపడేది సుమారు లక్ష మందికి, 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైచిలుకు, ఎక్కడ తెస్తాం అని. పది కోట్ల మందికీ ఇవ్వమని ఎవరన్నారు? ఆరు వేళ్లు తాకి చూశాక తేలినవాళ్లకే. వాళ్లలోనూ ముందు, ఒకసారి పుండు పడి మానినవాళ్లకు. పుండు మానిన వంద మందిలో నలభై మందికి ఏడాది తిరక్కుండా మళ్లీ పడుతుంది. అందుకే పుండు మానిన రోజు డిశ్చార్జి కాగితంతో పాటు చెప్పుల జత చేతిలో పెట్టాలి, అరిగాక మళ్లీ ఇవ్వాలి. ఒక కాలు తీయడానికి ఆసుపత్రికి కట్టే ప్యాకేజీ డబ్బుతో ఎన్ని జతలు వస్తాయో లెక్క మీ ట్రస్టు ఆఫీసుల్లోనే ఉంటుంది, నన్ను అడగక్కర్లేదు.

ఇచ్చేటప్పుడు ఒక చిన్న విషయం. అందరికీ ఒకే నల్లరంగు, ఒకే తీరు చెప్పులు కొని పంచకండి. చూడగానే ఫలానా రోగి అని తెలిసిపోయే చెప్పును మా కుష్ఠు రోగులు సంచిలో పెట్టుకుని వచ్చి, నా గుమ్మం దగ్గర తొడుక్కునేవాళ్లు, నాకు చూపించడానికి. రోడ్డెక్కగానే మళ్లీ సంచిలోకి. ఇప్పుడు పట్నాల్లో అదే రబ్బరుకి రంగుల పట్టీలు వేసి షుగర్ చెప్పులని అమ్ముతున్నారు, జనం సంతోషంగా కొంటున్నారు. ఆడవాళ్లకు చీర మీదికి నప్పేవి, పొలం పనివాళ్లకు బురదలో ఊడనివి, అలా నాలుగైదు రకాలు చేయించండి. అవే మా కుష్ఠు రోగులకూ ఇవ్వండి. ఒకే కౌంటర్లో ఇద్దరూ ఒకే చెప్పు తీసుకుంటే ఎవరిది ఏ రోగమో ఎవడికి తెలుస్తుంది?

సిమెంటు కట్టు పీహెచ్‌సీలో వేయమనడం లేదు. ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఎముకల విభాగానికి ప్లాస్టర్ రూము ఉంది. అక్కడి టెక్నీషియన్‌కీ, డ్రెస్సింగు రూము సిస్టర్‌కీ, ఒక సర్జన్‌కీ కలిపి శిక్షణ ఇవ్వండి. విడివిడిగా ఇస్తే పని జరగదు, కలిపి ఇవ్వాలి. వారానికి ఒక పూట పాదాల క్లినిక్ అని బోర్డు పెట్టండి. కట్టు వేసే ముందు నాడి చూడటం, ఇన్ఫెక్షన్ చూడటం, వేశాక వారానికోసారి విప్పి చూసి మళ్లీ వేయడం, ఈ క్రమం తప్పితే కట్టే కొత్త పుండు చేస్తుంది. కట్టు కుదరని చోట మందపాటి ఫెల్టు (ఒత్తిన ఉన్ని గుడ్డ) ముక్కకి పుండు సైజుకి కన్నం కోసి పాదానికి అతికించడమైనా నేర్పండి. కట్టంత బలం ఉండదు, ఏమీ లేనిదాని కంటే ఎంతో నయం.

నేర్పడానికి మనుషులు లేరని మాత్రం అనకండి. జిల్లాకి ఇంతమందని డీపీఎంఓలు ఇంకా ఉన్నారు, ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. కుష్ఠు కేసులు తగ్గాక వీళ్లను ఎక్కడెక్కడి పనులకో పంపుతున్నారు. పాదం చేతిలోకి తీసుకోవడానికి అసహ్యించుకోని వాళ్లు మీ శాఖలో ఎవరైనా ఉన్నారంటే ముందు వీళ్లే. ఖాళీ అవుతున్న ఆ పోస్టుల్ని రద్దు చేసేముందు ఒక్కసారి ఆలోచించండి.

ఆ తడి అడుగులావిడ ఏమైందని అడుగుతారేమో. చెప్పులు ఇవ్వలేకపోయాను కదా. ఆ రోజే ఆనె గీసి, సెలైన్‌తో కడిగి, నా దగ్గరున్న ఫెల్టు కన్నం కోసి అతికించాను. పాదం నాడి బాగుంది. వారం వారం రమ్మన్నాను, వచ్చింది. కోళ్లకు మేత కూడా కోడలే వేస్తోందని, తనని మంచం దించడం లేదని విసుక్కునేది. తొమ్మిదో వారానికి పూడింది. చెప్పులు కొడుకు హైదరాబాద్ నుంచి తెచ్చాడు, ఆకుపచ్చ పట్టీవి.

మీలో ఎవరైనా ఒక్క మండలంలో ఇది మొదలుపెడితే నాకు కబురు చేయండి. వచ్చి నేర్పుతాను. టీఏ, డీఏ అడగను. ఒక బల్ల, కాస్త వెలుతురు ఉంటే చాలు, పెన్ను నా జేబులోనే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డీపీఎంఓ